సీ షాద్లీ చూడని సినిమాలు

బాబ్ సువైకా పేటలో సినిమా పిచ్చోడెవరని చిన్నపిల్లాణ్ణడిగినా సీ షాద్లీ, అంటే షాద్లీ గారి పేరే చెబుతాడు. ఆ సీ షాద్లీ మొదటి నుంచి చివరిదాకా చూసిన సినిమా ఒక్కటి చెప్పమంటే మాత్రం పేట పెద్దలు కూడా నీళ్లు నములుతారు. అలాంటి సినిమా లేదు మరి. ఏళ్ల తరబడి శుక్రవారం, పండగ, వాన అని చూడకుండా రోజూ సాయంత్రం నజ్మా సినిమా హాలుకి వెళ్లొచ్చిన మనిషికి ఒక్క కథా తెలియదు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆయన గదికి, మా గదికి మధ్య ఒకే గోడ. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

పొద్దున్నే లోగిట్లో నీళ్ల కుళాయి దగ్గర ఆయన్ని కదిలించడం మాకో సరదా.

“రాత్రి సినిమా ఎలా ఉంది సీ షాద్లీ?” అనేదాన్ని.

“అబ్బో, దాని గురించి ఏం చెప్పమంటావ్ మబ్రూకా. ఇండియా సినిమా. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నారు. చేతులకి గోరింటాకు, ఒంటినిండా బంగారం. చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదనుకో.”

“ఆ తర్వాత?”

“తర్వాత షెరీఫు గుర్రమెక్కి వెళ్లిపోయాడు.”

“షెరీఫా? ఇండియాలో షెరీఫెక్కడి నుంచొచ్చాడు?”

“వచ్చాడంటే ఏదో పనుండే వచ్చుంటాడు. మంచివాడే పాపం. టోపీ తీసి అందరికీ సలాం కూడా చేశాడు.”

“మరి పెళ్లికూతురు?”

ఆయన మొహం కడుక్కుంటూనే అనేవాడు, “దాని పెళ్లి అయిపోయుంటుందిలే. ఎంతసేపని ముస్తాబు చేస్తారు?”

నజ్మాలో ఒక టికెట్టుకి రెండు సినిమాలు. ఈయన మొదటి సినిమా మొదలు చూస్తాడు, రెండో సినిమా చివర చూస్తాడు. ఆ రెంటినీ కలిపి కుట్టి మాకు చెబుతాడు. నడుమ ఏమైందని నిలదీస్తే, “నడుమదేముంది, ఏ సినిమాకైనా నడుమ ఒకటే. ఏడుస్తారు, పాడతారు, తలుపులు వేసుకుంటారు,” అని కొట్టిపారేసేవాడు. అలా మా లోగిట్లో జనం కరాటే వీరుడు కవలపిల్లల్ని కన్న కథ విన్నారు. పాషాగారి కూతురు జలాంతర్గామిలో మునిగిపోయిన కథ కూడా విన్నారు. ఆ జలాంతర్గామి కథకి మా ఇంటిగలావిడ లల్లా బేయా కళ్లొత్తుకుంది. సినిమా అంటే సైతాను కొలువని నమ్మి జన్మలో ఆ గుమ్మం తొక్కని మనిషి ఆవిడ.

అసలు సంగతి హాల్లో టార్చిలైటు పట్టుకుని కుర్చీలు చూపించే ఫర్హాత్ చెబితే తెలిసింది.

“ఆయనా, సినిమా చూడ్డమా? దీపాలు ఆరిన రెండో నిమిషానికి షాషియా టోపీ మోకాలికి తగిలించి గురక మొదలెడతాడు వదినా. కౌబాయ్ సినిమా అయితే తుపాకుల మోతలో కలిసిపోతుంది, ఇబ్బంది లేదు. ప్రేమ సినిమా వచ్చిందంటే నా ప్రాణం పోతుంది. హీరో గుసగుసగా ‘నువ్వు లేక బతకలేను’ అంటాడు, వెనక నుంచి ఖాళీ పీపాల బండి రాళ్ల మీద దొర్లినట్టు ఈయన. ఒకసారి యుద్ధం సినిమాకి సౌండు పోయింది. కాసేపటిదాకా హాల్లో ఎవరూ కనిపెట్టలేదు.”

“మరి గెంటెయ్యవేం?”

“ఎలా గెంటను? రోజూ టికెట్టు కొనే మనిషి ఆయనొక్కడే.”

ఆ గురక గొప్పతనం ఫర్హాత్ నాకు చెప్పాలా? మేం ఆ లోగిట్లో కాపురం పెట్టిన కొత్తలోనే దాని రుచి చూశాం. మా ఆయన తీజానీ పేట రొట్టెల బట్టీలో పని చేసేవాడు. ఊరంతా పడకెక్కే వేళకి ఆయన బట్టీ ఎక్కాలి. అందుకని పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే పడుకుని పదకొండుకి లేచేవాడు. ఆ కాస్తే ఆయనకి రాత్రి. వచ్చిన మొదటి వారంలోనే గోడవతల మోతకి కంటి మీద కునుకు లేక, ఒకనాడు బట్టీ ముందు నిలబడే నిద్రపోయాడు. తెల్లారేసరికి పేట పేటంతా బొగ్గులాంటి రొట్టె తింది. సీ షాద్లీ కూడా అదే తిన్నాడు. బట్టీ యజమాని హాజ్ మిగ్దాద్ మా ఆయన్ని పిలిచి, “ఇంకొక్కసారి మాడిందంటే ఇంటికెళ్లి తీరిగ్గా పడుకో తీజానీ, ఇక నిన్నెవరూ లేపరు,” అన్నాడు.

ఏం చెయ్యాలో తోచక ఏడుస్తూ కూర్చున్నాను. అప్పుడు దేవుడు దయతలిచాడు. సీ షాద్లీకి ఉన్నట్టుండి సినిమా పిచ్చి పట్టుకుంది. టోపీల బజారులో ఉన్ని టోపీలకి నూగు దువ్వే పని ముగించుకుని, ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని, చెవిలో మల్లెమొగ్గల గుత్తి దోపుకుని నజ్మాకి పోయేవాడు. మా ఆయన లేచే వేళకి తిరిగొచ్చేవాడు. ఇక తెల్లవార్లూ గురక పెట్టినా మాకు దిగులు లేదు. నేను పడుకుంటే పక్కన ఢంకా మోగినా లేవను. నజ్మా సినిమా యజమానిని నేను దీవించని రోజు లేదు.

నజ్మాకి రేకుల కప్పు. ఎండలు ముదిరాయంటే లోపల రొట్టెలు కాల్చుకోవచ్చు. అందుకని జూలై, ఆగస్టు రెండు నెలలూ హాలు మూసేసేవారు. ఆ రెండు నెలలూ సీ షాద్లీ హమ్మామ్ లిఫ్‌లో సముద్రం ఒడ్డునున్న చెల్లెలింట్లో ఉండి, అక్కణ్ణించే రైల్లో పనికొచ్చి పోయేవాడు. ఒక యేడు ఆ చెల్లెలు ఇల్లు వేసవికి ఎవరికో అద్దెకిచ్చి కూతురి దగ్గరికి పోయింది. ఆ కబురు విన్నప్పుడు నా చేతిలో గిన్నె జారిపోయింది. అసలే పెళ్లిళ్ల కాలం. పెళ్లివారి బక్లావా మిఠాయి పళ్లేలన్నీ మా ఆయన బట్టీకే వస్తాయి. రొట్టె మాడితే తిట్టి ఊరుకుంటారు. పెళ్లివారి బక్లావా మాడితే ఊళ్లో తలెత్తుకు తిరగ్గలమా?

జూలై మొదటి సాయంత్రం తీజానీ పడుకున్నాడు. నేను గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. చప్పుడు లేదు. కాసేపాగి మళ్లీ విన్నాను, ఏమీ లేదు. మనిషికేమైనా అయిందేమోనని భయమేసి బయటికొచ్చాను. సీ షాద్లీ లోగిట్లో వీపు ఆనడానికి వీల్లేని ముక్కాలి పీట మీద, టోపీ మోకాలికి తగిలించుకుని, ఎదురుగా సున్నం గోడని చూస్తూ కూర్చున్నాడు.

“ఏం చేస్తున్నారు సీ షాద్లీ?”

“కూర్చున్నానమ్మాయ్.”

“నిద్ర రావట్లేదా?”

ఆయన ఆవులింత మింగుకుని, “సినిమా లేకపోతే నాకు కన్ను మూతపడదు మబ్రూకా. అలవాటైపోయింది,” అన్నాడు.

నేను పాపమన్నట్టు మొహం పెట్టి లోపలికెళ్లి, తలుపేసుకుని, రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టుకున్నాను.

చిక్కల్లా లల్లా బేయాతో వచ్చిపడింది. ఆవిడది వెన్నలాంటి మనసు. పక్కవాడికి తుమ్మొస్తే ఈవిడ కషాయం కాస్తుంది. “పాపం, సినిమా దిగులుతో షాద్లీ చిక్కిపోతున్నాడే పిల్లా. వాణ్ణి నిద్రపుచ్చే పూచీ నాది,” అని కొంగు బిగించింది.  మొదట నారింజపూల నీళ్లు తెచ్చింది. “నేనిస్తాలెండి లల్లా, మీరెందుకు శ్రమ,” అని ఆవిడ చేతిలోంచి అందుకుని తులసి కుండీలో పోశాను. తులసి నిద్రపోయినట్టు వాలింది. రెండో రోజు తేనె కలిపిన వేడిపాలు తెచ్చింది. అవి పిల్లి తాగింది. నేను మాత్రం రోజూ సాయంత్రం కారునలుపు టీ కాచి, పుదీనా వేసి, సీ షాద్లీకి పెద్ద గ్లాసుతో ఇచ్చేదాన్ని.

ఆ టీ చూస్తే ఆయన మొహం వెలిగిపోయేది. “నీ చెయ్యి చల్లగుండ. రేపు ఇంకొంచెం చిక్కగా కాస్తావా అమ్మాయ్?”

“ఇంతకంటే చిక్కగా అయితే చెంచా నిలబడుతుంది సీ షాద్లీ.”

“నిలబడనీ. మంచిదే.”

ఇలా ఇంటి పట్టున సాయంత్రాలు గడపడం ఆ మనిషికి బొత్తిగా చేతకాలేదు. అందరి పప్పూ ఆయనే ఏరిపెట్టాడు. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోందని గుడ్డ కట్టాడు. కిర్రుమనే తలుపులన్నిటికీ ఆలివ్ నూనె పోశాడు. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, వేలు పెదాల మీద పెట్టుకుని “ష్” అనేవాడు. చుట్టాలొచ్చి నవ్వినా “ష్”, పిల్లి మూత దొర్లించినా “ష్”.

“ఇదేం సినిమా హాలా?” అని విసుక్కుంది లల్లా బేయా.

“అలవాటు లల్లా,” అన్నాడాయన తల గోక్కుంటూ.

సినిమా అలవాటు మనిషినెంత పాడు చేస్తుందో చూడండని నేను చుట్టాలకి చెప్పి నవ్వించేదాన్ని. మెల్లిగానే నవ్వమని వాళ్లని బతిమాలుకునేదాన్ని కూడా.

ఆగస్టు వచ్చింది. ఏడాదికి సరిపడా కుస్‌కుస్ చేసి ఎండబెట్టుకునే రోజులు. ఎండ చల్లబడ్డాక ఇరుగుపొరుగు ఆడవాళ్లం లోగిట్లో చేరి, పెద్ద పళ్లేల్లో రవ్వ పోసుకుని, నీళ్లు చిలకరిస్తూ అరచేతులతో గుండ్రంగా తిప్పి, జల్లెడ పడతాం. ఆ పనిలో మగవాడి నీడ పడదు. మగవాళ్లు తినే వేళకి వస్తారు. అలాంటిది ఆ సాయంత్రం సీ షాద్లీ చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి మా మధ్య చతికిలబడ్డాడు.

“నాకూ ఒక జల్లెడ ఇవ్వండి.”

ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. లల్లా బేయా బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “నీకేం పోయేకాలం షాద్లీ, మీసాలు పెట్టుకుని కుస్‌కుస్ తిప్పుతావా?”

“మీసాలకేం పనుంది లల్లా, తిప్పేది చేతులు కదా.”

“పెళ్లి చూపులకి ఎవరైనా వస్తున్నారేమిటి?” అన్నాన్నేను.

“వస్తే నా చేతి వంట చూపిద్దువుగాని. జరుగు.”

నిజం చెప్పొద్దూ, పని బాగా చేశాడు. టోపీల నూగు దువ్వి దువ్వి మెత్తబడ్డ చేతులు. రవ్వ ఆయన చేతిలో చక్కగా గింజ కట్టింది. మేం ఏడిపించడం మానేసి ఎవరి పనిలో వాళ్లం పడ్డాం. గాలాడటం లేదు. జల్లెడలు ఒకే లయలో అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆ ఊపుకి ఆయన తల కూడా ఊగసాగింది. నేను చూసేసరికి గడ్డం గుండెకి ఆనిపోయింది. “సీ షాద్లీ” అని పిలవబోయాను. నోరు తెరిచేలోపే పీపాల బండి కదిలింది.

ఆ మొదటి ఊపిరికి పళ్లెంలో రవ్వంతా లేచి లల్లా బేయా మొహాన పడింది. రెండో ఊపిరికి జల్లెడ ఎగిరి కుళాయి దగ్గర పడింది. మా గది తలుపు భళ్లున తెరుచుకుని, జుట్టు రేగిన తీజానీ బయటికొచ్చాడు. “ఏం కూలింది? ఎవరి ఇల్లు?” అన్నాడు. ఇక ఆ పూటకి ఆయన నిద్ర గాలికి పోయింది. ఆ రాత్రి బట్టీలో కాల్చాల్సింది తోళ్లవ్యాపారి ఇంటి పెళ్లి బక్లావా. అందులో హాజ్ మిగ్దాద్ సొంత మేనకోడలు పెళ్లికూతురు.

సీ షాద్లీ కళ్లు తెరిచి, ఎదురుగా మా ఆయన్ని చూసి, పాలిపోయాడు. క్షమించమని మాకందరికీ పేరుపేరునా చెప్పి గదిలోకెళ్లిపోయాడు. అంత చిన్న గురకపాటుకి మనిషి అంతలా నొచ్చుకోవాలా అనిపించింది నాకు. మర్నాడు బక్లావా బంగారు రంగులో దిగిందనీ, హాజ్ మిగ్దాద్ మా ఆయన భుజం తట్టాడనీ తెలిసేదాకా నేను పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మా ఆయన రాత్రంతా మొహానికి చన్నీళ్లు కొట్టుకుంటూ నెట్టుకొచ్చాడట. ఇంకొకసారైతే తన వల్ల కాదన్నాడు.

ఆ రోజు నుంచి సీ షాద్లీ సాయంత్రమయ్యేసరికి మాయమైపోయేవాడు. ఎక్కడికెళ్తున్నాడంటే “గాలికి” అనేవాడు. వారం తిరక్కుండానే ఫర్హాత్ పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

“మీ సీ షాద్లీకి పూర్తిగా ముదిరింది వదినా. మూసేసిన హాలు మెట్ల మీద, ఇనప షట్టరుకి వీపానించి కూర్చుంటున్నాడు. అక్కడే నిద్ర. షట్టరు మొత్తం గడగడలాడిపోతోంది. దారిన పోయేవాళ్లు లోపల సినిమా ఆడుతోందనుకుని టికెట్టు అడుగుతున్నారు.”

పేటంతా పగలబడి నవ్వింది. లైలా కోసం మజ్నూ ఎడారి పట్టాడు, నజ్మా కోసం షాద్లీ మెట్లు పట్టాడన్నారు. లల్లా బేయా మాత్రం నిట్టూర్చింది. “పెళ్లి చేసినా పెళ్లాన్ని ఇంతగా ప్రేమించేవాడు కాడే. సెప్టెంబరు ఎప్పుడొస్తుందో, వీడి బెంగ ఎప్పుడు తీరుతుందో.” నాకూ నిజంగానే జాలేసింది. కానీ గోడవతల నిశ్శబ్దంగా ఉంది. తీజానీ పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. ఆ జాలిని అక్కడితో ఆపేశాను.

పెళ్లిళ్ల కాలం ఒక్క పళ్లెం మాడకుండా గడిచింది. ఆగస్టు ఆఖర్న హాజ్ మిగ్దాద్ మా ఆయన్ని పెద్ద బట్టీవాణ్ణి చేసి జీతం పెంచాడు. ఆ జీతంతో మేం మేడ మీద ఖాళీగా ఉన్న గది తీసుకున్నాం. ఆ గదికి మూరెడు మందం గోడలు, తలుపు డాబా వైపుకి. కింద పెళ్లి బాజా వాయించినా పైకి రాదు. సామాను మోయడంలో సీ షాద్లీ మాకంటే హుషారుగా ఉన్నాడు. మా మంచం ఆయనే నెత్తికెత్తుకుని మెట్లెక్కించాడు. పైన తలుపేసి, కిందికెళ్లి తన గదిలోంచి ఏదో గట్టిగా అరిచి, మళ్లీ పైకొచ్చి, “ఏమైనా వినపడిందా?” అనడిగాడు. లేదన్నాను. తృప్తిగా తలూపాడు. గది మంచిదో కాదో చూస్తున్నాడనుకున్నాను.

సెప్టెంబరు మొదటి రోజున నజ్మా తెరిచారు. లోగిట్లోవాళ్లందరం కలిసి ఆయనకి టికెట్టు కొన్నాం. లల్లా బేయా తన చేత్తో మల్లెమొగ్గల గుత్తి కట్టింది. రెండు నెలల విరహం తర్వాత పెళ్లికొడుకుని పంపినట్టు పంపాలని మా ముచ్చట. మగ్రిబ్ అయింది. ఆయన తలుపు తీశాడు. ఒంటి మీద పడుకునే పొడుగు చొక్కా ఉంది. కళ్లు సగం మూతలు పడుతున్నాయి.

“ఇంకా తయారవ్వలేదేం షాద్లీ? ఆట మొదలైపోతుంది,” అంది లల్లా బేయా.

“ఏ ఆట?”

“నజ్మా తెరిచారు కదా. ఇదిగో టికెట్టు.”

“సినిమాకా? నేనా?” అని ఆయన నోరారా ఆవులించాడు. “దేనికి లల్లా? నాకు నిద్రొస్తోంది.”

“సినిమా చూడకపోతే కన్ను మూతపడదన్నావు కదయ్యా.”

ఆయన మేడ వైపు చూసి, గొంతు తగ్గించి నన్నడిగాడు. “తీజానీ పడుకున్నాడా మబ్రూకా?”

“ఆఁ, ఇప్పుడే.”

“ఆ గదిలోకి ఇక్కణ్ణించి ఏం వినపడదు కదా?”

“వినపడదు.”

“సరే అయితే,” అని మా అందరికీ శుభరాత్రి చెప్పి తలుపేసుకున్నాడు. మేం అక్కడ నిలబడుండగానే తలుపు గడియ గడగడలాడటం మొదలైంది.

 లల్లా బేయా టికెట్టు వైపు చూసింది, మేడ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.  ఇన్నేళ్లూ నేను నజ్మా యజమానిని దీవించానే, ఆ దీవెనలన్నీ పక్కగదివాడికి దక్కాల్సినవి. వెర్రిబాగులదాన్ని, నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేశాను. తలుపవతల ఆ పీపాల బండి ఆగకుండా దొర్లుతూనే ఉంది. అంత తియ్యటి మోత నేనెప్పుడూ వినలేదు.

“టికెట్టు పాడైపోతుంది,” అంది లల్లా బేయా ఉన్నట్టుండి. తెల్ల సఫ్‌సారీ ముసుగు తలమీంచి కప్పుకుంది. “ఇంకొకటి కొను పిల్లా. వీడు ఇన్నేళ్లూ ఎక్కడ పడుకున్నాడో నేను చూడాలి.”

“సైతాను కొలువన్నారు కదా లల్లా?”

“నేను చూడబోయేది కుర్చీని. నడు.”

ఫర్హాత్ మమ్మల్ని చూసి టార్చి కింద పడేసుకున్నాడు. “సీ షాద్లీ ఏడి? ఒంట్లో బాగాలేదా?”

“ఇంట్లో హాయిగా పడుకున్నాడు,” అన్నాను. “ఆయన కుర్చీ చూపించు.”

చూపించాడు. చెక్క కుర్చీ. ఒక చెయ్యి ఊడిపోయి ఉంది, వీపు దగ్గర అడ్డకర్ర సరిగ్గా వెన్నుపూసకి గుచ్చుకుంటోంది. కూర్చునే పలక ముందుకి వాలి ఉంది. కాళ్లు తన్నిపట్టుకోకపోతే జారిపోతాం. మొదటి సినిమా సగమయ్యేసరికి నా నడుం పట్టేసింది. ఫర్హాత్‌ని పిలిచి, ఇంత ఖాళీ హాల్లో ఆయన ఈ కుర్చీలోనే ఎందుకు కూర్చునేవాడని అడిగాను.

“అది గోడ గడియారం కనపడే కుర్చీ వదినా. పదకొండు దాటకుండా ఇంటికి పోకూడదనేవాడు. ఎందుకో నాకూ తెలీదు.”

లల్లా బేయా నన్ను లేవమని, తనే ఆ కుర్చీలో కూర్చుంది. ఇటు కదిలింది, అటు కదిలింది, అబ్బా అంది. తెర మీద ఎవరో ఎవరినో గుండెలకి హత్తుకుని గుసగుసలాడుతున్నారు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆవిడ నా వైపు తిరిగి, రేపటి నుంచి మగ్రిబ్ తర్వాత మా లోగిట్లో ఎవరు గట్టిగా మాట్లాడి షాద్లీ నిద్ర చెడగొట్టినా నాలుక కోస్తానంది. ఆ మాట నాతోపాటు మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి కూడా వినపడింది.